మందుల రియాక్టరుకు లైసెన్స్ ఎందుకు? ద్వంద్వ వినియోగ సరుకుల ఎగుమతిపై దేశాల ఉమ్మడి కాపలా

క్లుప్తంగా

పౌర అవసరాలకూ, ఆయుధాల తయారీకీ పనికొచ్చే సరుకుల ఎగుమతిని నాలుగు అంతర్జాతీయ బృందాలు ఉమ్మడి జాబితాలతో అదుపు చేస్తున్నాయి. జాబితా ఉమ్మడిదే అయినా, లైసెన్స్ ఇవ్వాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకుంటుంది. ఈ నాలుగింటిలో మూడింట భారత్ సభ్యదేశం. 2022 తర్వాత ఏకాభిప్రాయం కుదరక కొన్ని దేశాలు చిన్న జట్లుగా విడిపోయి సొంత జాబితాలు రాసుకుంటున్నాయి. హైదరాబాద్, విశాఖ ప్రాంతాల ఎగుమతిదారులు ఒకే సరుకు కోసం రెండు మూడు దేశాల చట్టాలు చూసుకోవాల్సి రావడానికి కారణం ఇదే.

రెండు రియాక్టర్లు, ఒకదానికే లైసెన్స్

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ... ఏ బల్క్ డ్రగ్ యూనిట్‌లోకి వెళ్లినా రెండు రకాల రియాక్టర్లు కనిపిస్తాయి. ఒకటి స్టెయిన్‌లెస్ స్టీలుది. రెండోది లోపలి గోడకంతా ముదురు నీలం గాజు పూత వేసినది. దీన్ని యూనిట్లలో జీఎల్ఆర్ అంటారు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ లాంటిది పోస్తే స్టీలును తినేస్తుంది, గాజు పూత తట్టుకుంటుంది. అందుకే యాసిడ్‌తో పని ఉన్న దశలన్నీ జీఎల్ఆర్‌లోనే నడుస్తాయి.

ఈ రెండింటినీ ఒక విదేశీ కంపెనీకి అమ్మారనుకుందాం. 316 గ్రేడు స్టీలు రియాక్టరుకు మామూలు ఎగుమతి కాగితాలు సరిపోతాయి. 5,000 లీటర్ల గాజు పూత రియాక్టరుకు మాత్రం విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) నుంచి ముందుగా లైసెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ లేకుండా ఓడ ఎక్కిస్తే చట్టం దాన్ని నేరంగా చూస్తుంది.

తేడా ఎక్కడుందంటే, మస్టర్డ్ గ్యాస్, సారిన్ లాంటి రసాయన ఆయుధాల తయారీలోనూ లోహాన్ని తినేసే ద్రవాలతోనే పని. వాటికీ తట్టుకునే పాత్ర కావాలి. అందుకే ఆస్ట్రేలియా గ్రూప్ అనే అంతర్జాతీయ బృందం రియాక్టర్లకు ఒక కొలత పెట్టింది. లోపలి ఘనపరిమాణం 100 లీటర్లకు మించి, 20,000 లీటర్లకు లోపు ఉండాలి. రసాయనం తగిలే ఉపరితలాలన్నీ గాజు, ఫ్లోరోపాలిమర్, టాంటలం, టైటానియం, జిర్కోనియం, నయోబియం, లేదా నికెల్ 40 శాతం మించిన లోహంతో చేసినవై ఉండాలి. నికెల్ 25 శాతం, క్రోమియం 20 శాతం మించిన మిశ్రమ లోహమైనా లెక్కలోకి వస్తుంది. 316 స్టీలులో నికెల్ 10 నుంచి 14 శాతం, క్రోమియం 16 నుంచి 18 శాతమే. అందువల్ల అది గీతకు ఇవతలే ఉండిపోతుంది.

రసాయనాల్లోనూ ఇదే పరిస్థితి. మధుమేహానికి కోట్లమంది వేసుకునే మెట్‌ఫార్మిన్ తయారీకి డైమిథైల్ అమీన్ హైడ్రోక్లోరైడ్ కావాలి. ఆస్ట్రేలియా గ్రూప్ రసాయనాల జాబితాలో ఆ పేరు ఉంది, ఎందుకంటే టాబున్ అనే నరాల విషానికి కూడా అది ముడిసరుకే. బాల్‌పెన్ ఇంకుల్లో, బట్టల అద్దకంలో వాడే థయోడైగ్లైకాల్ మస్టర్డ్ గ్యాస్‌కు దగ్గరి మెట్టు. వ్యాక్సిన్ కంపెనీల్లో తప్పనిసరిగా ఉండే ఫెర్మెంటర్ 20 లీటర్లు, ఆపైన అయి, గాలిలోకి తుంపర్లు పోకుండా సూక్ష్మజీవిని పెంచగలిగితే జాబితాలోకి చేరుతుంది. ఫ్రీజ్ డ్రయ్యర్ అయితే 24 గంటల్లో 10 కిలోల నుంచి 1,000 కిలోల లోపు మంచు పట్టేదై, ఆవిరితో శుద్ధి చేయగలిగేదైతే లెక్కలోకి వస్తుంది. జినోమ్ వ్యాలీలో ఇవి రోజువారీ సామగ్రి.

సరుకు పేరు చూసి నియంత్రణ ఉందో లేదో చెప్పలేకపోవడానికి కారణం ఇదే. పంపు, వాల్వు, లేత్, ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ అనే పేర్లు ఏమీ తేల్చవు. సామర్థ్యం, లోహం, కచ్చితత్వం ఎంతో చూడాలి. 600 హెర్ట్జ్, ఆపైన నడిచి, 40 వోల్ట్-ఆంపియర్లు, ఆపైన శక్తినిస్తూ, ఫ్రీక్వెన్సీని 0.2 శాతం కన్నా మెరుగ్గా నిలబెట్టే బహుళ ఫేజ్ కన్వర్టర్ అణు సరఫరాదారుల జాబితాలో ఉంది, యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లను తిప్పడానికి పనికొస్తుంది గనుక. సరుకులను వర్గీకరించడానికి కస్టమ్స్ వాళ్లు వాడే హెచ్‌ఎస్ కోడ్ ఇంత లోతుకు వెళ్లదు. 8413 అంటే ద్రవాల పంపులన్నీ. అందులో ఏది నియంత్రిత పంపు, ఏది బోరుబావి పంపు అన్నది ఆ కోడ్ చెప్పలేదు. జాబితా కొలతతో మాట్లాడుతుంది, కస్టమ్స్ కంప్యూటర్ కోడ్‌తో మాట్లాడుతుంది. పొరపాట్లలో చాలా భాగం ఈ రెండింటి మధ్య సందులోనే పుడతాయి.

నాలుగు బృందాలు, వాటి వెనుక ఘటనలు

ఈ ఏర్పాట్లు ఒక్క రోజున ఒక్క ఒప్పందంతో రాలేదు. కొన్నింటి వెనుక ఎవరో కన్నుగప్పి సరుకు తీసుకెళ్లిన సందర్భం ఉంది.

1974లో పోఖ్రాన్‌లో భారత్ జరిపిన అణు పరీక్ష తర్వాత, పౌర అవసరాల పేరుతో ఇచ్చిన సాంకేతికత పరీక్షకు దారితీసిందని భావించిన దేశాలు 1975లో లండన్‌లో కలిశాయి. అదే అణు సరఫరాదారుల బృందం (ఎన్‌ఎస్‌జీ). ఇందులో ఇప్పుడు 48 దేశాలున్నాయి. మొదట్లో ఈ బృందం అణు సామగ్రి జోలికి మాత్రమే వెళ్లింది. గల్ఫ్ యుద్ధం తర్వాత ఇరాక్‌లో రహస్య అణు కార్యక్రమం బయటపడితే, అందులో ఎక్కువ భాగం మామూలు పారిశ్రామిక యంత్రాలతోనే నడిచిందని తేలింది. అప్పుడు, 1992లో, ద్వంద్వ వినియోగ సరుకులకు ఎన్‌ఎస్‌జీ వేరే జాబితా చేర్చింది.

ఇరాన్‌తో యుద్ధంలో ఇరాక్ రసాయన ఆయుధాలు వాడిందని 1984లో ఐక్యరాజ్యసమితి పరిశీలనలో నిర్ధారణ అయింది. ముడిసరుకు వెళ్లింది పాశ్చాత్య దేశాల కంపెనీల నుంచే. 1985లో ఆస్ట్రేలియా గ్రూప్ పుట్టడానికి కారణం అది. ఇరాక్‌కు వెయ్యి టన్నులకు పైగా థయోడైగ్లైకాల్ చేరవేసిన ఒక డచ్ వ్యాపారికి నెదర్లాండ్స్ కోర్టు 2005లో 15 ఏళ్ల జైలు శిక్ష వేసింది. ఇద్దరి మధ్య చేతులు మారిన సరుకు ఇరవై ఏళ్ల తర్వాత తీర్పుగా తిరిగొచ్చింది.

క్షిపణి సాంకేతిక నియంత్రణ వ్యవస్థ (ఎంటీసీఆర్) 1987లో జీ7 దేశాలతో మొదలైంది. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోసుకెళ్లగల రాకెట్, డ్రోన్ ఏదైనా అందులో అతి కఠినమైన మొదటి వర్గం. నాలుగోది వాసెనార్ ఏర్పాటు. సంప్రదాయ ఆయుధాలు, వాటికి పనికొచ్చే ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు, సెన్సర్లు, లేజర్లు, యంత్రపరికరాలు దీని పరిధి. 1996లో మొదలైంది, సచివాలయం వియన్నాలో, సభ్యదేశాలు 42.

వాసెనార్‌కు ముందు కోకామ్ అనే ఏర్పాటు ఉండేది. సోవియట్ కూటమికి సాంకేతికత అందకుండా 1949లో పెట్టి, 1994 మార్చిలో మూసేశారు. ఈ రెండింటి తేడా తెలిస్తే ఇప్పటి సమస్య మూలం తెలుస్తుంది. కోకామ్‌లో కీలకమైన సరుకు ఎగుమతికి సభ్యదేశాలన్నీ ముందుగా ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోయేది. వాసెనార్‌లో అలాంటి అడ్డు లేదు. నియంత్రించాల్సినది ఏమిటో కలిసి రాస్తారు. ఇచ్చేదీ, ఇవ్వనిదీ ఎవరికి వారు చూసుకుంటారు. రష్యా కూడా ఇందులో సభ్యదేశమే.

ఈ నాలుగూ అంతర్జాతీయ ఒప్పందాలు కావు. ఉల్లంఘిస్తే శిక్షించే కోర్టు లేదు, తనిఖీ దళం లేదు. చట్టబద్ధమైన బాధ్యత ప్రధానంగా ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2004 ఏప్రిల్ 28న ఆమోదించిన 1540 తీర్మానం నుంచి వచ్చింది. పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ నడిపిన అణు సరఫరా వల బయటపడటం ఆ తీర్మానానికి ముందు జరిగింది. 2003 అక్టోబరులో దుబాయ్ నుంచి లిబియా వెళ్తున్న బీబీసీ చైనా అనే ఓడను ఇటలీలోని టరాంటో రేవుకు మళ్లించి చూస్తే, మలేసియాలో తయారైన సెంట్రిఫ్యూజ్ భాగాలు దొరికాయి. తయారీ ఒక దేశంలో, ఓడ మారింది ఇంకో దేశంలో, వాడకం మూడో దేశంలో. ఆ దేశాల్లో చట్టాలు లేకపోతే జాబితా ఎంత మంచిదైనా పనిచేయదని అక్కడ తేలింది. 1540 తీర్మానం సభ్యత్వంతో సంబంధం లేకుండా ప్రతి దేశమూ ఎగుమతి నియంత్రణ చట్టం చేయాలని చెప్పింది. మలేసియా 2010లో వ్యూహాత్మక వాణిజ్య చట్టం తెచ్చింది.

ఒకరు కాదన్నది ఇంకొకరు అవునంటే?

బృందాల్లో సహకారం నిజంగా నడిచేది జాబితా దగ్గర కాదు, తిరస్కరణ సమాచారం దగ్గర. జర్మనీలో ఒక కంపెనీకి ఒక కొనుగోలుదారు పంపులు అడిగాడనీ, అనుమానంతో ప్రభుత్వం లైసెన్స్ నిరాకరించిందనీ అనుకుందాం. ఆ కొనుగోలుదారు మరునాడే ఇటలీకో, కొరియాకో, హైదరాబాద్‌కో ఈమెయిల్ పెడతాడు. అక్కడి అధికారికి జర్మనీ ఎందుకు కాదన్నదో తెలియకపోతే ఆర్డర్ మామూలుగానే కనిపిస్తుంది.

అందుకే ఆస్ట్రేలియా గ్రూప్, ఎన్‌ఎస్‌జీలు ఒక నియమం పెట్టుకున్నాయి. ఒక సభ్యదేశం తిరస్కరించి ఆ సంగతి మిగతావారికి తెలిపితే, అలాంటి సరుకే, అదే వినియోగదారుకే పంపాలనుకునే మరో సభ్యదేశం ముందుగా ఆ దేశాన్ని సంప్రదించాలి. వాసెనార్‌లో ఈ కట్టుబాటు పలుచన. కీలక సరుకుల తిరస్కరణలను 60 రోజుల్లో తెలియజేస్తారు. కానీ ఒకరి తిరస్కరణ వల్ల మరొకరు ఆగాల్సిన పని లేదు. ఇచ్చేస్తే ఇచ్చామని చెప్పాలి, అంతే.

జాబితాలో లేని సరుకు కూడా ఆయుధ కార్యక్రమానికి వెళ్తుందని తెలిసినా, ప్రభుత్వం చెప్పినా లైసెన్స్ తీసుకోవాలన్న నిబంధనను 'క్యాచ్ ఆల్' అంటారు. యూరోపియన్ యూనియన్ 2021/821 నిబంధనలోనూ, భారత్ 2005 సామూహిక జనహనన ఆయుధాల చట్టంలోనూ ఇది ఉంది. కొలతకు గీత గీసినప్పుడల్లా, గీతకు కొంచెం కిందున్న సరుకు అడిగేవాడు ఉంటాడు. 20,000 లీటర్ల రియాక్టరు జాబితాలో లేదు, 99 లీటర్లది లేదు. అడిగేవాడు ఎవరన్నది పట్టించుకోకపోతే ఆ గీత వృథా.

మోసం ఎలా జరుగుతుంది

1980ల మొదట్లో జపాన్‌కు చెందిన తోషిబా మెషీన్ కంపెనీ సోవియట్ యూనియన్‌కు పెద్ద మిల్లింగ్ యంత్రాలు అమ్మింది. జలాంతర్గామి ప్రొపెల్లర్ రెక్కలను శబ్దం తగ్గేలా నునుపుగా చెక్కగల 9 యాక్సిస్ (తొమ్మిది దిశల్లో కదలగల) యంత్రాలవి. వాటిని నడిపే కంప్యూటర్ కంట్రోలర్లు నార్వే ప్రభుత్వ సంస్థ కాంగ్స్‌బర్గ్ ఇచ్చింది. లైసెన్స్ దరఖాస్తులో మాత్రం 2 యాక్సిస్ యంత్రమని రాశారు. కాగితం మీద యంత్రం వేరు, పెట్టెలో యంత్రం వేరు. లైసెన్స్ అధికారి కాగితాన్నే చూశాడు, కస్టమ్స్ అధికారికి యాక్సిస్‌లు లెక్కపెట్టే పరిజ్ఞానం లేదు. మధ్యవర్తి కంపెనీ ఉద్యోగి ఒకరు కోకామ్‌కు ఉత్తరం రాస్తే గానీ విషయం బయటికి రాలేదు. 1987లో రచ్చ అయ్యాక తోషిబా మాతృ సంస్థ ఛైర్మన్, అధ్యక్షుడు రాజీనామా చేశారు.

రెండో ఉదాహరణ మరీ చిన్న వస్తువుది. ట్రిగర్డ్ స్పార్క్ గ్యాప్ అనేది అరచేతిలో పట్టే విద్యుత్ స్విచ్. మూత్రపిండాల్లో రాళ్లను శరీరం బయటి నుంచి పగలగొట్టే లిథోట్రిప్టర్ యంత్రంలో ఉంటుంది. అణుబాంబు పేల్చే వలయంలోనూ ఉంటుంది. 2003లో దక్షిణాఫ్రికాలో ఉంటున్న ఒక వ్యాపారి అమెరికాలోని తయారీదారుకు 200 ముక్కలు ఆర్డర్ పెట్టాడు, సోవెటోలోని ఆసుపత్రికని చెప్పాడు. ఒక ఆసుపత్రికి ఇన్ని అవసరం పడవు. పక్కా సమాచారం అందిన అమెరికా అధికారులు తయారీదారు సహకారంతో మొదటి విడత 66 ముక్కలను పనిచేయకుండా చేసి పంపించారు. వాటి దారిని గమనిస్తే దక్షిణాఫ్రికా నుంచి దుబాయ్, అక్కడి నుంచి పాకిస్తాన్. ఆ వ్యాపారికి 2005లో మూడేళ్ల జైలు పడింది.

ఈ రెండింటిలో పట్టించినవి ఏవో చూడండి. మొదటిదాంట్లో ఉత్తరం రాసిన మనిషి, రెండోదాంట్లో అధికారులకు అందిన సమాచారం, పొంతన లేని సంఖ్య. యంత్రం స్పెసిఫికేషన్ ఎక్కడా పట్టించలేదు. వైద్య పరికరానికి అవసరం లేనంత పరిమాణం, వాడేవాడి వ్యాపారానికి పొంతన లేని సరుకు, ఇన్‌స్టలేషన్ గానీ వారంటీ గానీ శిక్షణ గానీ వద్దనే కొనుగోలుదారు, చిరునామాగా ఫ్రైట్ ఫార్వర్డర్ గోదాము... అనుమానం పుట్టాల్సిన చోట్లు ఇవే. 50 లక్షల రూపాయల యంత్రం కొంటూ, బిగించడానికి ఇంజనీరు రానవసరం లేదనేవాడు నిజమైన కొనుగోలుదారు అయ్యే అవకాశం తక్కువ.

నియంత్రణకు గురైన దేశం నుంచి సభ్యదేశంగా

ఈ వ్యవస్థలో భారత్ చాలాకాలం గుమ్మం బయటే ఉంది. 1992లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్ నుంచి క్రయోజెనిక్ ఇంజన్ సాంకేతికత కొనే ఒప్పందంపై, అది ఎంటీసీఆర్‌కు విరుద్ధమంటూ అమెరికా ఇస్రోపై రెండేళ్ల ఆంక్షలు పెట్టింది. రష్యా సాంకేతికత ఇవ్వకుండా ఇంజన్లు మాత్రమే ఇచ్చేలా ఒప్పందం మారింది. 2008 సెప్టెంబర్ 6న ఎన్‌ఎస్‌జీ భారత్‌కు మినహాయింపు ఇచ్చాక దారి తెరుచుకుంది. 2016 జూన్ 27న ఎంటీసీఆర్‌లో, 2017 డిసెంబరులో వాసెనార్‌లో, 2018 జనవరి 19న ఆస్ట్రేలియా గ్రూప్‌లో భారత్ సభ్యత్వం పొందింది. ఎన్‌ఎస్‌జీ ఇంకా మిగిలింది. అక్కడ ఏకాభిప్రాయం కావాలి, చైనా ఒప్పుకోలేదు.

సభ్యత్వం రావడానికి ముందే దేశంలో చట్టం సిద్ధం చేయాల్సి వచ్చింది. 2005 చట్టం, 2010లో విదేశీ వాణిజ్య చట్టానికి చేర్చిన 4ఏ అధ్యాయం అలా వచ్చినవే. 2022లో 2005 చట్టాన్ని సవరించి, సామూహిక జనహనన ఆయుధాలకు డబ్బు సమకూర్చడాన్ని కూడా నిషేధించారు. బృందాల జాబితాలన్నీ కలిపి భారత్ రాసుకున్నదే స్కోమెట్ జాబితా. 0 నుంచి 8 వరకు వర్గాలు. 0 అణు పదార్థాలది, అనుమతి అణుశక్తి విభాగం ఇస్తుంది. 6 ఆయుధాలది, రక్షణ ఉత్పత్తి విభాగం చూస్తుంది. 7 ఖాళీగా ఉంచారు. విష రసాయనాలు 1లో, సూక్ష్మజీవులు 2లో, రియాక్టర్లు, పంపులు, ఫెర్మెంటర్లు లాంటి పరికరాలు 3లో, విమానాలు, డ్రోన్లు, రాకెట్లు 5లో ఉంటాయి. వాసెనార్ సరుకంతా 8లో. ఇవి డీజీఎఫ్‌టీ పరిధి.

లైసెన్స్ వ్యవహారం ఇలా సాగుతుంది. ముందుగా సరుకు స్పెసిఫికేషన్ షీటు పక్కన పెట్టుకుని స్కోమెట్ జాబితాతో పోల్చాలి. హెచ్‌ఎస్ కోడ్‌తో వెతకడం దారి తప్పిస్తుంది. తర్వాత పర్చేజ్ ఆర్డర్, సాంకేతిక వివరాలు, తుది వినియోగదారు ఇచ్చిన ధ్రువపత్రం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్లో దాఖలు చేయాలి. దరఖాస్తు అంతర మంత్రిత్వ శాఖల కార్యవర్గం ముందుకు వెళ్తుంది. విదేశాంగ శాఖ, డీఆర్‌డీఓ, అణుశక్తి, అంతరిక్ష, రక్షణ విభాగాలు అందులో కూర్చుంటాయి. సరుకు అక్కడ ఎలా వాడుతున్నారో స్వయంగా వెళ్లి చూసే హక్కు కూడా ప్రభుత్వం ఉంచుకోవచ్చు. కాగితాలన్నీ 5 ఏళ్లు దాచాలి.

దరఖాస్తులు ఇరుక్కునేది ఎక్కువగా తుది వినియోగదారు ధ్రువపత్రం దగ్గరే. కొన్నది దుబాయ్ ట్రేడింగ్ కంపెనీ, సరుకు దిగేది ఒక ఫార్వర్డర్ దగ్గర, వాడేది ఇంకో దేశంలోని ఫ్యాక్టరీ అయినప్పుడు ట్రేడింగ్ కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టించి పంపితే పనికిరాదు. యంత్రాన్ని నిజంగా బిగించుకునే ఫ్యాక్టరీ సంతకం, చిరునామా, ఆ సరుకుతో ఏం తయారు చేస్తారన్న వివరం కావాలి. మధ్యలోని చేతులన్నీ చూపించాలి. పర్చేజ్ ఆర్డర్‌లో 4 రియాక్టర్లు, ధ్రువపత్రంలో 6 ఉంటే దరఖాస్తు తిరిగొస్తుంది.

మరచిపోయే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. రిపేరుకు వచ్చిన పరికరాన్ని తిరిగి పంపడం ఎగుమతే. ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లి తిరిగి తెచ్చేదీ ఎగుమతే. సెకండ్‌హ్యాండ్ యంత్రం అయినా కొలత అదే. డ్రాయింగు ఈమెయిల్లో పంపినా, సర్వర్‌లో పెట్టి విదేశీ సహోద్యోగికి తెరిచి ఇచ్చినా సాంకేతికత బదిలీ కింద లెక్క. డిజైన్ సెంటర్లు ఎక్కువగా ఉన్న హైదరాబాద్‌లో పెట్టె ఏదీ కదలకుండానే ఎగుమతి జరిగిపోతుంది. ఒకే కంపెనీ శాఖల మధ్య మార్పిడికీ, టెలికాం పరికరాలకూ, రిపేరు తర్వాత తిరిగి పంపేవాటికీ ప్రతిసారీ విడి లైసెన్స్ అవసరం లేకుండా జనరల్ ఆథరైజేషన్ పేరుతో సాధారణ అనుమతులు వచ్చాయి. నిరంతరం పంపే కంపెనీలకు వాటివల్ల ఊపిరాడింది.

ఏకాభిప్రాయం ఆగిపోయాక

వాసెనార్‌లో ఏ మార్పుకైనా 42 దేశాలూ ఒప్పుకోవాలి. ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలయ్యాక రష్యాతో మిగతావారికి పొసగడం లేదు. కొత్త సాంకేతికతలు మాత్రం ఆగలేదు. క్వాంటం కంప్యూటర్లు, ఆధునిక చిప్ తయారీ పరికరాలను జాబితాకెక్కించడం సాధ్యం కాకపోవడంతో స్పెయిన్, బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా లాంటి దేశాలు సొంత చట్టాల్లో రాసుకున్నాయి. ఈ విడి చట్టాల్లో 34 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ సామర్థ్యానికి కొలత) క్వాంటం కంప్యూటర్ అనే గీత మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. బృందం బయట మాట్లాడుకుని ఒకే అంకె రాసుకున్నారని అర్థం. 2024 సెప్టెంబరులో అమెరికా కూడా అదే దారి పట్టి, సమానమైన నియంత్రణ పెట్టిన దేశాలకు లైసెన్స్ అవసరం తగ్గించింది.

చిప్ పరికరాల్లో ఈ పద్ధతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2022 అక్టోబరు 7న అమెరికా చైనాపై నియంత్రణలు పెట్టింది. కానీ అవసరమైన యంత్రాల్లో కీలకమైనవి నెదర్లాండ్స్, జపాన్‌లవి. అమెరికా ఒక్కటే ఆపితే ఆర్డర్లు వాళ్లకు పోతాయి. జపాన్ 2023 జులై 23 నుంచి 23 రకాల పరికరాలకు, నెదర్లాండ్స్ 2023 సెప్టెంబర్ 1 నుంచి ఏఎస్‌ఎంఎల్ కంపెనీ తయారుచేసే, చిప్‌ల మీద సర్క్యూట్లు ముద్రించే ఆధునిక డీయూవీ యంత్రాలకు లైసెన్స్ తప్పనిసరి చేశాయి. ఏ బృందం జాబితాలోనూ లేని సరుకుకు మూడు దేశాలు మాట్లాడుకుని కంచె వేశాయి.

రష్యా విషయంలో మరో పద్ధతి వచ్చింది. ఉక్రెయిన్‌లో పడిన క్షిపణులు, డ్రోన్లు విప్పి చూస్తే, అత్యధికంగా మార్కెట్లో మామూలుగా దొరికే చిప్‌లే కనిపించాయి. అవి కొలత గీతకు చాలా దిగువన ఉన్నవి. అమెరికా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్, జపాన్ కలిసి 50 హెచ్‌ఎస్ కోడ్‌లతో ఉమ్మడి ప్రాధాన్య జాబితా రాశాయి. మొదటి వరుసలో 8542.31, 8542.32, 8542.33, 8542.39, అంటే ప్రాసెసర్లు, మెమొరీలు, యాంప్లిఫయర్లు, ఇతర ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు. కిందివరుసల్లో సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) యంత్రాలున్నాయి. కస్టమ్స్ భాషలోనే రాయడం వల్ల బ్యాంకులు, ఫ్రైట్ కంపెనీలు ఇన్వాయిస్ చూసే పట్టుకోగలవు.

భారత్ ఈ జాబితాలో భాగస్వామి కాదు. భారత చట్టానికి కట్టుబడి పంపిన సరుకు కూడా ఇక్కడే చిక్కులో పడుతోంది. 2024 అక్టోబరు 30న, రష్యాకు సాయం చేశారంటూ అమెరికా వివిధ దేశాల్లో దాదాపు 400 సంస్థలు, వ్యక్తులపై ఆంక్షలు ప్రకటించినప్పుడు వాటిలో 19 భారత సంస్థలున్నాయి, హైదరాబాద్ సంస్థ కూడా ఉంది. ఆ లావాదేవీలు భారత చట్టాలను ఉల్లంఘించలేదని విదేశాంగ శాఖ చెప్పింది. రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. స్కోమెట్ సరుకు స్వభావాన్ని చూస్తుంది, అమెరికా ఆంక్ష కొన్నవాడిని చూస్తుంది.

అమెరికా చట్టం మరో దారిలోనూ తగులుతుంది. భారత్‌లో తయారైన యంత్రంలో అమెరికా నియంత్రిత విడిభాగాల విలువ 25 శాతం దాటితే, ఇక్కడి నుంచి మూడో దేశానికి పంపడానికి అమెరికా చట్టం వర్తిస్తుంది, అమెరికా లైసెన్స్ కావాల్సి రావచ్చు. ఇరాన్ లాంటి దేశాలకైతే గీత 10 శాతమే. డీజీఎఫ్‌టీ అనుమతి చేతిలో ఉన్నా ఈ లెక్క వేరేగా వేసుకోవాలి. ప్రతి విడిభాగానికీ సరఫరాదారు నుంచి వర్గీకరణ సంఖ్య అడిగి తీసుకోకపోతే, ఆర్డర్ వచ్చాక లెక్క కట్టడం సాధ్యం కాదు. సీఎన్‌సీ యంత్రంలో కంట్రోలర్, స్పిండిల్, సర్వో మోటారు మూడు దేశాలవి కావడం మామూలే.

అదే పనిముట్టు చైనా చేతిలో

ఇంతకాలం నియంత్రణ పెట్టేది పాశ్చాత్య దేశాలు, ఎదుర్కొనేది చైనా. ఆ చిత్రం మారింది. వాసెనార్, ఎంటీసీఆర్, ఆస్ట్రేలియా గ్రూప్‌లలో చైనాకు సభ్యత్వం లేదు. ఎన్‌ఎస్‌జీలో మాత్రం 2004 నుంచి ఉంది. 2020 డిసెంబర్ 1 నుంచి సొంత ఎగుమతి నియంత్రణ చట్టం అమలు చేస్తోంది. 2023 ఆగస్టు 1 నుంచి గాలియం, జర్మేనియం, ఆ డిసెంబరు నుంచి గ్రాఫైట్, 2024 సెప్టెంబరు నుంచి యాంటిమొనీ లైసెన్స్ పరిధిలోకి వచ్చాయి. 2025 ఏప్రిల్ 4న సమారియం, గడోలీనియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియం అనే అరుదైన ఖనిజాలు, వీటితో చేసిన అయస్కాంతాలు చేరాయి.

డిస్ప్రోసియం కలిపిన అయస్కాంతం వేడెక్కినా శక్తి కోల్పోదు. ఎలక్ట్రిక్ స్కూటరు మోటారులో కావాల్సిందీ అదే, క్షిపణి రెక్కలు తిప్పే మోటారులో కావాల్సిందీ అదే. ద్వంద్వ వినియోగమన్న చైనా వాదనకు సాంకేతికంగా ఆధారం ఉంది. కానీ ఈ అరుదైన ఖనిజాలను నియంత్రించాలని నాలుగు బృందాల్లో ఏదీ అనుకోలేదు. సరఫరాలో సింహభాగం ఒకే దేశం చేతిలో ఉన్నప్పుడు, బృందం లేకుండానే నియంత్రణ పనిచేస్తుంది. పాశ్చాత్య దేశాలకు సహకారం కావాలి, ఎందుకంటే ఎవరి దగ్గరా గుత్తాధిపత్యం లేదు. శుద్ధి చేసిన అరుదైన ఖనిజాల్లో చైనాకు ఆ అవసరమే పడలేదు.

2025 మధ్యలో భారత వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డది ఈ కారణంగానే. అయస్కాంతాలు కావాలంటే కొనుగోలుదారు ఆయుధాల్లో వాడబోనని తుది వినియోగదారు ధ్రువపత్రం ఇవ్వాలి. చైనా వాణిజ్య శాఖకు నిర్ణయించడానికి చట్టం 45 పనిదినాలు ఇస్తుంది. పది రోజుల నిల్వతో నడిచే ఫ్యాక్టరీకి రెండు నెలల ఆలస్యమంటే లైను ఆగడమే.

విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఐఆర్‌ఈఎల్ సంస్థ సమారియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు పెట్టింది. 2023 మే 11న జాతికి అంకితమైంది, ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యం. అది అణు, అంతరిక్ష, రక్షణ అవసరాల కోసం. స్కూటరు మోటార్లకు కావాల్సిన నియోడిమియం అయస్కాంతాలు వేరు, వాటి పరిమాణం వేల టన్నుల్లో ఉంటుంది. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంత తయారీ సామర్థ్యం కోసం 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఆ ప్లాంట్లు పని మొదలుపెట్టేదాకా, జీఎల్ఆర్ ఎగుమతి చేసేటప్పుడు హైదరాబాద్ కంపెనీ విదేశీ కొనుగోలుదారు దగ్గర సంతకం పెట్టించుకునే ధ్రువపత్రాన్నే, అయస్కాంతాలు దిగుమతి చేసుకునే భారత మోటారు కంపెనీ చైనాకు రాసి ఇవ్వాల్సి ఉంటుంది.